పూలజడ ఫోటోలో తమ్ముడు

గత సంవత్సరం జూలై, రెండో గురువారం, ఉదయం పదకొండూ పది. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఫోటో స్టూడియో మెట్లెక్కాం. అక్క నా భుజం పట్టుకుని ఎక్కింది. ఆవిడకి ఎనభై ఒకటి, నాకు డెబ్బై అయిదు. నా సంచిలో తమ్ముడి ఫోటో ఉంది.

చిన్నపిల్లల ఫోటో ఇస్తే పెద్దవయసులో ఎలా ఉంటారో కంప్యూటర్ చూపిస్తుందని విన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. వాడు బతికుండి ఎప్పుడైనా ఎదురుపడితే గుర్తుపట్టాలి. మా ఇద్దరి తరవాత వాణ్ణి వెతికేవాళ్లు లేరు.

విజయవాడ స్టేషన్లో తప్పిపోయేనాటికి వాడికి నాలుగేళ్లు నిండలేదు. పుట్టువెంట్రుకల మొక్కు తీర్చడానికి పామర్రు నుంచి తిరుపతి బయల్దేరాం. జుట్టు తీయించే ముందు మగపిల్లాడికి ఆడపిల్లలా ముస్తాబు చేసి, పూలజడ వేసి ఫోటో తీయించడం మా ఇళ్లలో ముచ్చట. ఆ ఫోటో వారం ముందే అయింది. అయినా అమ్మ ఆశ తీరక ప్రయాణంనాడు కూడా గౌను తొడిగి, రిబ్బనుతో జడ వేసింది. రైలు కోసం చూస్తుండగా వాడు కనిపించలేదు. అమ్మ సొమ్మసిల్లింది. ఆ కంగారులో జడ, గౌను మాకెవరికీ గుర్తుకు రాలేదు; నాన్నగారు ప్లాట్‌ఫారమంతా "మగపిల్లాణ్ణి చూశారా?" అని అడిగారు. పోలీసులకీ మగపిల్లాడనే చెప్పారు. జడ, గౌను సంగతి అమ్మ తేరుకుని చెప్పేసరికి సాయంత్రం నాలుగు. అప్పటికి మద్రాసు వైపు రెండు రైళ్లు వెళ్లిపోయాయి.

స్టూడియో అమ్మాయి ఆ పూలజడ ఫోటోని కంప్యూటర్లోకి ఎక్కించింది. బుగ్గలు జారాయి, నుదుట గీతలు పడ్డాయి. తెల్లజుట్టు ముడితో ఒక ముసలావిడ మావైపు చూసింది.

అక్క పకపకా నవ్వింది. "ఏమే, ఇది నువ్వేనే! ముక్కుపుడక ఒక్కటే తక్కువ."

"మీ చెల్లెలుగారాండీ?" అంది అమ్మాయి.

"తమ్ముడమ్మా."

"అయ్యో, సారీ అండీ! జడ చూసి ఆడపిల్లే అనుకున్నాను."

అక్క నవ్వు ఆగిపోయింది. "ఆ రోజు స్టేషన్లో కూడా అందరూ అంతే అనుకునుంటారు," అంది.

అమ్మాయి ఏదో మార్చింది. బట్టతల, మీసం వచ్చాయి.

"మీసం ఉంచమంటారా మామ్మగారూ, తీసెయ్యమంటారా? కళ్లజోడు పెట్టనా?"

ఏది మార్చినా ఇంకో మనిషి అవుతున్నాడు.

"కాస్త బక్కగా చెయ్యమ్మా," అంది అక్క. "వాడికి వేళకి అన్నం ఎవరు పెట్టుంటారు?"

"వద్దు, లావుగానే ఉంచు," అన్నాను.

"నువ్వు పెట్టొచ్చావా?"

"ఎవరో ఒకరు పెట్టారనే అనుకుందాం, అక్కా."

లావుగానే ప్రింటు తీయించి తెచ్చుకున్నాను. పామర్రు బస్సులో, మార్కెట్లో, ఆస్పత్రి వరండాలో ఆ మొహం వెతికాను. బందరు బస్సులో ఒకాయన్ని అలాగే చూస్తూ ఉండిపోతే, "ఏం కావాలండీ?" అని విసుక్కున్నాడు.

దసరా దాటాక కళ్లు మూసుకుంటే చిన్నప్పటి తమ్ముడు రావడం మానేశాడు. బెల్లం పూసుకున్న మూతితో నవ్వబోతాడు, ఆ మూతి మీద మీసం ఉంటుంది. ఆ ప్రింటు చింపేశాను. మీసం పోలేదు. "నీకైనా కనిపిస్తున్నాడా?" అని అక్కని అడిగితే, అటు తిరిగి పడుకుంది.

ఆనాడు స్టేషన్లో పోయింది ఒక తమ్ముడు. ఈ ఏడాది కాలంలో పోయినవి వాడి నవ్వు, "అక్కా" అన్నప్పుడు వాడి మొహం, ఫోటోలో లేని వాడి చూపు. తమ్ముడితో కలిపి మొత్తం నాలుగు.