ముందు నాలుగు, వెనక నాలుగు

కల్పలతది మౌలాలి. పని బోయిన్‌పల్లిలో, కూరగాయల లారీల హారన్లు రోజంతా వినిపించే ఒక మేడ మీది చిన్న ఆఫీసులో. బ్లడ్ బ్యాంకుల కంప్యూటర్లకు కొత్త సాఫ్ట్‌వేర్ పంపే ఆఫీసు అది. రక్తపు సంచుల మీద గ్రూపు లేబుళ్ళు ముద్రించేది ఆ సాఫ్ట్‌వేరే.

పంపేముందు ప్రతి ఫైలూ అసలుదో కాదో తేల్చడం కల్పలత పని. పేరు చూసి నమ్మడానికి లేదు, పేరు ఎవరైనా పెట్టవచ్చు. ఫైలు లోపల ఉన్నదంతా లెక్కలోకి తీసుకుని కంప్యూటర్ ఒక పొడవాటి వరుస ఇస్తుంది, అరవై నాలుగు అంకెలూ అక్షరాలూ. దాన్ని హ్యాష్ అంటారు. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క చుక్క మారినా వరుసంతా మారిపోతుంది. తయారుచేసిన కంపెనీ ఇచ్చిన అసలు హ్యాష్‌లు వేరే కంప్యూటర్‌లో ఉంటాయి. ఎవరూ కెలకకుండా దాన్ని నెట్‌కు కలపలేదు. అందుకే ఒకరు ఇక్కడ పైకి చదువుతారు, ఇంకొకరు అక్కడ చూసుకుంటారు.

ఆఫీసులో అందరికంటే పాతవాడు రాజేందర్. ఆమె చేరిన రోజే చెప్పాడు: "ముందు నాలుగు, వెనక నాలుగు చూస్తే సాలు. గింత పొడుగు చదువుకుంట కూసుంటే పొద్దు గూకుతది." ఆమె అలాగే చేస్తూ వచ్చింది. ఎన్నడూ తేడా రాలేదు.

ఆ మంగళవారం చదవడానికి కొత్తగా చేరిన ప్రిసిల్లా, ఫైలున్న పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెట్టుకుని కూర్చుంది. ఈ అలవాటు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"నైన్, ఎఫ్, టూ, సి, సెవెన్, బి..."

"ఏందమ్మా, ఎక్కాలు అప్పజెప్తున్నవా?" పక్క బల్ల నుంచి రాజేందర్ నవ్వాడు. "నడిమిట్లది ఇడిశిపెట్టు. చివర చెప్పు."

"సగం చదివి ఓకే అంటే ఎట్ల సార్?"

"ఆగు," అంది కల్పలత. "సి తర్వాత ఏమన్నవ్?"

"సెవెన్ అక్కా."

"నాకు డి ఉంది. చివరి నాలుగు చెప్పు."

"ఫోర్, ఏ, ఏ, వన్."

అవి సరిపోయాయి. ఫైలు పాడైతే వరుసంతా మారాలి. మొదలూ చివరా నిలిచి నడుమ మాత్రమే మారడం దానంతటదే జరగదు. ఆ ఎనిమిదీ కుదిరేదాకా ఎవరో ఫైలును మార్చి మార్చి చూశారు. ఇక్కడ ఆ ఎనిమిదే చూస్తారని వాళ్ళకు తెలుసు. ఆ మాట ఈ గదిలో తప్ప ఎక్కడా అనుకున్నది కాదు.

రాజేందర్ నవ్వడం లేదు. "పెన్‌డ్రైవ్ ఇటియ్. నేను చూస్త."

కల్పలత దాన్ని ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుని, ఆ ఫైలు వెళ్ళాల్సిన బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసింది. అక్కడి టెక్నీషియన్ ఓంప్రకాశ్ ఎత్తాడు.

"అన్నా, ఇయ్యాల్టి ఫైలు పెట్టకుండ్రి."

"పొద్దుగాల్నే పంపిన్రు కదమ్మా మీ ఆఫీసోళ్ళు. పెట్టేసినం. లేబుళ్ళు సుత వస్తున్నయి."

"ఆపుండ్రి. ఒక్క సంచి సుత బయటికి పోనియ్యకుండ్రి."

"ఆపరేషన్ ఉందని నెత్తి మీద కూసున్నరు ఇక్కడ. ఎవరు ఆపమన్నరని చెప్పాలె? రాజేందర్ సారా?"

ఎదురుగా రాజేందర్ లేచి నిలబడ్డాడు. వద్దన్నట్టు మెల్లగా తల ఊపాడు.

"కల్పలత అని చెప్పుండ్రి."

"ఉండు, డాక్టర్‌ని అడిగొస్త," అంటూ అతను ఫోన్ బల్ల మీద పెట్టాడు. అవతల లేబుళ్ళ ప్రింటర్ ఆగకుండా చప్పుడు చేస్తూనే ఉంది.