ఏడుకొండలు మేస్త్రి ఆపిన పని

మా ఇంటి ఎదురుగా కడుతున్న మేడకు మొన్న స్లాబు పోశారు. మర్నాటి నుంచి పొద్దున్నే కిటికీ తెరిస్తే తడి గోనెసంచుల వాసన. ఎండకు స్లాబు బీటలు వారకుండా తడిపిన గోనెలు కప్పుతారు కదా, ఆ నానిన గోనె, పచ్చి సిమెంటు కలిసిన వాసన ఇంకెవరికైనా ఎలా ఉంటుందో గాని, నాకు మాత్రం ముందు ఒక మనిషి మీద కోపం తెప్పిస్తుంది. ఆ మనిషి పోయి చాలా ఏళ్ళయింది. అయినా కోపం వస్తుంది. ఆ తర్వాత కాసేపటికి గాని ఆయన మొహం గుర్తు రాదు.

ఆయన పేరు ఏడుకొండలు. గుడివాడలో తాపీ మేస్త్రి. తొంభైల మొదట్లో తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాది, దివిసీమ చివర, నాగాయలంక దాటి పడవలో వెళ్ళాల్సిన ఒక చిన్న లంకలో ఆయనతో కలిసి పనిచేశాను. ఆ ఏడాది పొడుగునా ఆయనతో వాదన లేకుండా అన్నం తిన్న రోజు నాకు గుర్తులేదు. నీకు పని నేర్పిందెవరని ఎవరైనా అడిగితే మాత్రం పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినవాళ్ళెవరూ నోటికి రారు. ఈ మొండి మనిషి పేరే వస్తుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మా నాన్న మచిలీపట్నంలో కోర్టు గుమాస్తా. సివిల్ డిప్లొమా చదివిన ఆడపిల్లకు పని ఎవరిస్తారని ఇంట్లో అందరూ బెంగపడుతుండగా ఒక సేవాసంస్థ వాళ్ళు పిలిచి సూపర్‌వైజరుగా వేసుకున్నారు. తుఫానుకు గుడిసెలు కొట్టుకుపోయిన జాలరి కుటుంబాలకు ఆ లంకలో పక్కా ఇళ్ళు కట్టించాలి. పడవ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో దిగబడుతూ నేను ఒడ్డు చేరేసరికి ఇసుక కుప్ప పక్కన గొంతుకూర్చుని ఉన్న ఒక బక్కపలచని మనిషి చిటికెడు ఇసుక తీసి నాలుక మీద వేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కొత్త ఇంజనీరమ్మ మీరేనాండీ? ఇదిగో, కాస్త నోట్లో వేసుకోండి."

"ఇసుకా?"

"మింగమనట్లేదండీ. రుచి చూడమంటున్నా."

చుట్టూ ఆడవాళ్ళు నవ్వుతున్నారు. మొదటి రోజే నవ్వులపాలు కావడం ఇష్టం లేక ధైర్యం చేసి వేసుకున్నాను. ఉప్పుగా ఉంది. ఆ మాటే అన్నాను.

"మరి ఉప్పు గల్లు కట్టడంలో వేస్తామా? పడవవాడు దగ్గర పడుతుందని సముద్రం ఒడ్డున ఎత్తుకొచ్చేశాడు. వెనక్కి పంపించండి. ఏటి ఇసుక వస్తేనే నేను తాపీ పట్టుకునేది."

ఉద్యోగంలో నేను చేసిన మొదటి పని పడవెడు ఇసుకను తిప్పి పంపడం. దానికి మా కార్యదర్శి గారు నన్ను పిలిచి చీవాట్లు పెట్టారు. ఆయన మచిలీపట్నం ఆఫీసులో ఉండేవారు. చెడ్డవారేం కాదు. పాపం, ఎక్కడెక్కడి నుంచో వచ్చే సాయమంతా ఆయన మీదే పడేది. ఒకసారి ఎవరో దాతలు మూటలకొద్దీ ఉన్ని స్వెటర్లు పంపారు. వేసవి మొదట్లో, సముద్రం పక్కన, ఉన్ని స్వెటర్లు! ఆయన వాటిని వెనక్కి పంపలేక, పంచలేక, చివరికి లంకకు పంపి ఫోటోలు తీయించారు. చెమటలు కక్కుతూ స్వెటర్లు తొడుక్కుని నిలబడినవాళ్ళలో నాంచారమ్మ కూడా ఉంది. ఫోటో అయిపోగానే స్వెటరు తీసి నా చేతిలో పెట్టి, "తల్లీ, ఈసారి రగ్గులు పంపమను. కప్పుకుని ఎండలో పడుకుంటాం" అంది.

నాంచారమ్మ ఎండుచేపలు అమ్మేది. నలభై దాటిన మనిషి. మొగుడు వేటకు పోతే ఇల్లూ, అత్తా, ఊళ్ళో తగువులూ అన్నీ ఆవిడే చూసుకునేది. ఆ లంకలో మేం ఏం చేసినా ముందు ఆవిడ నోట్లో పడాల్సిందే. ఏడుకొండలు గారికీ ఆవిడకీ క్షణం పడేది కాదు. వంటపొయ్యి ఏ మూల ఉండాలో, తలుపు ఏ దిక్కుకు ఉండాలో ఆవిడ చెప్పేది. ఆయన వినేవాడు కాదు. మర్నాడు వచ్చి గొణుక్కుంటూ ఆవిడ చెప్పినట్టే పునాది ముగ్గు మార్చేవాడు.

ముగ్గు అంటే గుర్తొచ్చింది. తుఫాను తర్వాత అక్కడివాళ్ళు తాటాకు, కర్రలు ఏరుకుని మళ్ళీ గుడిసెలు వేసుకున్నారు. ఇళ్ళ స్థలాలు కూడా అవే. పునాదికి ముగ్గు పోయాలంటే గుడిసెలు తీయాలి. నాలుగైదేసి తీస్తూ కట్టుకుంటూ పోవచ్చు. ఏడుకొండలు గారు ఒప్పుకోలేదు. "ముక్కలు ముక్కలుగా నా వల్ల కాదండీ. వరస తప్పుతుంది. అన్నీ ఒక్కసారే పీకించండి" అన్నాడు. నాకూ అదే నచ్చింది. నేల అంతా ఖాళీ చేసి తెల్లటి ముగ్గు గీతలు పోసి ఉంటే ఫోటోలో పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది, కార్యదర్శి గారు నన్ను మెచ్చుకుంటారు. ఇంటింటికీ తిరిగి ఒప్పించింది నేనే. "మూడు నెలల్లో స్లాబు కింద పడుకుంటారు" అని చెప్పాను. అందరూ గుడిసెలు పీక్కుని, పక్కనున్న ఖాళీ జాగాలో మేమిచ్చిన టార్పాలిన్ పట్టాల కిందకు మారారు. నాంచారమ్మ అత్త మాత్రం గుడిసె గుంజ పట్టుకుని చాలాసేపు కదల్లేదు. ఆవిడకు డెబ్బై పైనే ఉంటాయి. నేనే చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను.

గోడలు లేచాయి. స్లాబులు పోయాల్సిన సమయానికి ఏప్రిల్ వచ్చింది. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు. అప్పటిదాకా పీపాల్లో నింపి పడవల మీద తెస్తున్న కాలువ నీళ్ళు ఆగిపోయాయి. అవతలి ఊరి చెరువు నుంచి తాగడానికి మాత్రం రోజూ కొన్ని పీపాలు వచ్చేవి. లంకలో చేతిపంపు ఉంది గాని ఆ నీళ్ళు ఉప్పుకషాయం. కార్యదర్శి గారు కబురు పెట్టారు: చేతిపంపు నీళ్ళతోనే కలిపేయండి, వానల్లోగా పూర్తి కావాలి, ప్రారంభోత్సవానికి పెద్దలు ఒప్పుకున్నారు అని.

ఏడుకొండలు గారు విని, తాపీ కడిగి, గోనెగుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. "నేను పొయ్యను" అన్నాడు.

నేను అరిచాను. బతిమాలాను. ఆయన అప్పుడు ఒక సంగతి చెప్పాడు. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత ఈ ప్రాంతంలోనే ఒక కాలనీలో కుర్రమేస్త్రిగా పనిచేశాడట. అక్కడ అందరూ దొరికిన నీళ్ళే పోశారట. "పదేళ్ళు తిరగలేదు తల్లీ. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బి స్లాబు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఆ ఇళ్ళల్లో నా చేతివి కూడా ఉన్నాయి. చుట్టపుచూపుగా వెళ్తే ఒకామె మంచం జరిపి చూపించింది, ఎక్కడ రాలితే అక్కణ్ణించి జరుపుకుంటూ పడుకుంటున్నారు. ఈ చేత్తో మళ్ళీ ఆ పని చెయ్యలేను."

ఇంతలో నాంచారమ్మ బిందెతో వచ్చింది. తాగే నీళ్ళు పనికి వాడతామేమోనని ఆవిడకు అనుమానం.

"మేస్త్రీ, తాగటానికి లేక చస్తుంటే నీ గోడలకి పోస్తావా ఏంటి?"

"నీ బిందె జోలికి నేను రానమ్మా. చేతిపంపు నీళ్ళూ పొయ్యను. కాలువ వదిలేదాకా ఆగుదాం. రెండు నెలలు."

"ఆగేదెవరు?" అంది నాంచారమ్మ. "నువ్వు గుడివాడెళ్ళి నీ ఇంట్లో ఆగుతావు. ఈ అమ్మాయి బందరెళ్ళి ఆగుతుంది. ఈ పట్టాల కింద ఆగేది మేం."

మర్నాడు పొద్దున్న పడవకు ఏడుకొండలు గారు మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రెండు నెలలూ కార్యదర్శి గారికి జవాబు చెప్పుకోలేక, వేరే మేస్త్రి దొరక్క, దొరికినవాడు లంకకు రాక నేను పడ్డ అవస్థ చెప్పుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉత్తరం రాస్తే ఆయన దగ్గర్నుంచి ఒకే ఒక్క జవాబు వచ్చింది, ఎవరి చేతనో రాయించింది: "కాలువ వదలగానే వస్తాను."

కాలువ కంటే ముందు వానలొచ్చాయి. వాయుగుండం పట్టి మూడు రోజులు ఒకటే గాలీవానా. పట్టాలు చిరిగి ఎగిరిపోయాయి. పైన స్లాబు లేని కొత్త గోడల మధ్య జనం నీళ్ళలో కూర్చున్నారు. నాంచారమ్మ అత్తకు జ్వరం వచ్చింది. గాలికి పడవ కదల్లేదు. మూడో రోజుకు గాలి తగ్గి పడవ సిద్ధం చేసేసరికి ఆవిడ లేదు. నేను బందరులో మా ఇంట్లో, పొడి బట్టలతో, ఆ వానలో పకోడీలు తిన్నాను. ఈ మాట రాయకుండా ఉండలేను.

కాలువ వదిలిన వారానికి ఏడుకొండలు గారు చెప్పినట్టే వచ్చాడు. పడవలోనే నేను విషయం చెప్పాను. ఆయన సంచి తీసి ఒడిలో పెట్టుకున్నాడు. దిగి తిన్నగా నాంచారమ్మ దగ్గరకు వెళ్ళాడు. ఆవిడ చేపలు పరుస్తోంది. తలెత్తింది.

"వచ్చావా మేస్త్రీ. తెచ్చావా మంచినీళ్ళు?"

అంతే. మళ్ళీ చేపల వైపు తిరిగింది. నేను అంతకుముందూ తర్వాతా బోలెడు తిట్లు విన్నాను, తిన్నాను. ఆ మాటలాంటిది వినలేదు. ఆయన అక్కడే నిలబడి, నిలబడి, వెనక్కి వచ్చి, "తాటాకు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి" అన్నాడు. స్లాబు సామానంతా ఒడ్డున ఉంది, తియ్యటి నీళ్ళు పీపాల్లో ఉన్నాయి, రెండు నెలలు వాటికోసమే నన్ను వేపుకుతిన్నాడు, ఇప్పుడు తాటాకంటాడు! అయినా అడగలేదు. ఆయనా మనుషులూ వారం రోజులు సిమెంటు ముట్టుకోకుండా, మట్టితో ఎత్తుగా అరుగులు కట్టి, వాటి మీద పాకలు వేశారు. అన్ని కుటుంబాలూ వాటిలోకి వెళ్ళాకే స్లాబు పని మొదలైంది. కార్యదర్శి గారు వచ్చి, "పక్కా ఇళ్ళు కట్టమంటే పాకలు వేస్తున్నారేంటయ్యా?" అని తల పట్టుకున్నారు.

ప్రారంభోత్సవం నాడు కూడా ఆయనకు తిట్లే. ఆఖరి వరస స్లాబులు ఇంకా తడుస్తూనే ఉన్నాయి. పెద్దలెవరో పైకెక్కి ఊరు చూస్తామన్నారు. "గోనెల మీద కాలు పెడితే ఊరుకోను, దిగండి" అని కింద నుంచి కేక వేశాడు. వేదిక మీదకు ఆయన్ని ఎవరూ పిలవలేదు. పిలిచినా వచ్చేవాడు కాదు.

పదేళ్ళ తర్వాత, ఇళ్ళు తనిఖీ చేసే ఉద్యోగం మీద అటువైపు వెళ్ళాను. పక్క లంకలో మా ఇళ్ళతో పాటే ఇంకెవరో కట్టిన వరస ఒకటి ఉంది. అందులో సగం ఇళ్ళకు స్లాబు ఇనుము బయటపడి ఎర్రగా కనిపిస్తోంది. మావి చెక్కుచెదరలేదు. తర్వాత వచ్చిన తుఫాన్లకు చుట్టుపక్కల వాళ్ళంతా మా స్లాబుల కిందే తలదాచుకున్నారట. నాంచారమ్మ నన్ను గుర్తుపట్టి పీట వేసింది. ఇల్లు బాగుందా అని అడిగాను. "బాగుంది" అంది. మళ్ళీ తనే, "మా అత్త చూళ్ళేదు" అంది. మేస్త్రి గురించి ఆవిడ అడగలేదు. నేనూ ఎత్తలేదు.

సంతోషం పట్టలేక తిరుగు ప్రయాణంలో గుడివాడలో దిగి ఏడుకొండలు గారి ఇంటికి వెళ్ళాను. ఆయాసంతో మంచం పట్టి ఉన్నాడు. అప్పటికి ఆయన్ని బాబాయ్ అని పిలవడం అలవాటైంది. ఆయన చెప్పిందే నిజమైందని, పక్క లంకలో ఇనుము చూసొచ్చానని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. పైగా విసుక్కున్నాడు.

"ఇది ఎవరెవరికి చెప్తావు?"

"అందరికీ చెప్తాను బాబాయ్. ఎందుకు చెప్పకూడదు?"

"చెప్పేటప్పుడు ఆ ముసలమ్మ సంగతి కూడా చెప్పు. గుడిసెలన్నీ ఒక్కసారే పీకించింది నేనేనని చెప్పు. ఒకటి చెప్పి ఒకటి దాస్తే నేనూరుకోను."

"నేనే కదా ఆవిణ్ణి నడిపించుకొచ్చింది" అన్నాను.

"అది కూడా చెప్పు" అన్నాడు. ఆ తర్వాత కాఫీ తాగి వెళ్ళమని కూతురికి కేక వేశాడు. అదే ఆఖరు చూపు.

ఆయన చెప్పమన్నట్టే చెప్పాను. ఆ రోజు పని ఆపడం ఒప్పా తప్పా అని ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు ఆలోచించాను. ఆపకపోతే ఆ స్లాబులు ఈపాటికి ఎవరి నెత్తినో పడి ఉండేవి. ఆపినందుకు ఒక మనిషి పోయింది. ఈ రెండూ నా లోపల ఒకదానికొకటి సర్దుకోలేదు, సర్దుకుంటాయన్న ఆశ కూడా లేదు. ఇప్పుడు ఎక్కడ ఇళ్ళ పని నా చేతికొచ్చినా, ముందు ఆ కుటుంబాలకు మెరక మీద గట్టి పాకలు పడాలంటాను. అంచనాల్లో అది ఉండదు. పోయిన నెల కూడా ఒక పెద్ద అధికారి, "రెండు నెలల మాటకు ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా?" అన్నారు. రెండు నెలలని మీకెవరు చెప్పారని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నారు. నాతో పనిచేసే పిల్లలు బల్ల కింద నా కాలు తొక్కారు, ఇక ఊరుకోమని. ఊరుకోలేదు. సాయంత్రందాకా అందరినీ విసిగించి, పాకలకు ఒప్పించి, చీకటి పడకముందే స్థలానికి వెళ్ళి తాటాకు ఎక్కడ దింపాలో చూపించి వచ్చాను.