జరగని డ్రిల్లు

మూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువుగా ఉందని చెప్పుకునే అర్హత కూడా నాకు లేదు. కాలినవి నా చేతులు కావు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నాకు నోరు పెగలదు.

జనగామ దగ్గర పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేసేదాన్ని. మంటలు లేస్తే ఎటు ఎలా బయటపడాలో పనివాళ్లకు డ్రిల్లు చేసి నేర్పాలి, తలుపులకు అడ్డం లేకుండా చూడాలి. అది యజమాని బాధ్యత అని చట్టం. మా సేటుకు తలుపంటే దూది బేళ్లు పేర్చుకునే జాగా. చట్టమంటే ఒక రిజిస్టరు. తనిఖీకి వస్తున్నారని తెలిసి దాన్ని నా బల్ల మీద పడేశాడు.

"డైరీలు రాసుకుంటవట గదా, గిది గూడ రాయరాదు. కాయితం మీద ఉరికితె సాలు."

రాశాను. భయపడి రాశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజమా? భయమే అయితే తేదీలు వేసి, వేలిముద్రలు తీసుకుంటే సరిపోయేది. నేను వాక్యాలు చెక్కాను. ఈల మోగగానే కేళమ్మ కొంగు నడుముకు బిగించి, వెనక తలుపులోంచి అందరికంటే ముందు బయటపడిందని రాసి, ఎంత బాగా వచ్చిందో అని రెండుసార్లు చదువుకున్నాను. కేళమ్మ తరిగొప్పుల వైపు తండా నుంచి పనికి వచ్చేది. చదువు రాదు. నేను చూపించినచోట వేలిముద్ర వేసింది. ఏందని కూడా అడగలేదు.

ఆ సీజనులోనే పత్తితోపాటు మిషన్లో రాయి పడి నిప్పురవ్వ లేచింది. దూదికి ఎంతసేపు కావాలి? కేళమ్మ తనకు దగ్గరున్న వెనక తలుపుకు ఉరికింది. బేళ్లు అడ్డం. పొగలోంచి వెనక్కి తిరిగి ముందు గేటుకు వచ్చేసరికి రెండు చేతులూ కాలిపోయాయి.

విచారణకు వచ్చిన అధికారి రిజిస్టరు తిరగేసి, శ్రద్ధగా రాశారని మెచ్చుకున్నాడు. అప్పటికే వెనక తలుపు ముందు శుభ్రంగా ఊడ్పించారు, ముగ్గొక్కటే తక్కువ. కేళమ్మ చేతులకు కట్లతో బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఇన్నిసార్లు నేర్పిచ్చిన్రు. మరి గట్లెందుకు ఆగమైనవమ్మా?"

"తలుపుకు బేళ్లడ్డమున్నయి సారూ. నాకెవ్వలు నేర్పలే."

ఆయన నావైపు తిరిగాడు. "ఏమ్మా, డ్రిల్లు రోజు ఈమె ఉండెనా?"

"ఉండె సార్," అన్నాను.

కేళమ్మ నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఆలోచించింది.

"ఉన్ననేమో సారూ. సదువుకున్న బిడ్డ అబద్ధం రాస్తదా? నేనే మర్సినట్టున్న."

తప్పు ఆమెదేనని రాసుకుని పోయాడు. మిల్లు మళ్లీ నడిచింది. చెప్తే వినని మనిషని సేటు ఆమెను పనిలోకి రానివ్వలేదు. నేను మాత్రం ఇంకో సీజను అదే బల్ల దగ్గర కూర్చున్నాను. సేటును అసహ్యించుకోవడం సులువు. కానీ అతనికి నాలుగు వాక్యాలు రాయడం రాదు. వచ్చింది నాకు.

పేరు దాచుకుని ఇది రాయడమూ పిరికితనమే. అయినా రాస్తుంటే ఛాతీలో ఏదో కాస్త సడలింది. దానికీ సిగ్గేస్తోంది.

ఏ డ్రిల్లూ జరగలేదు. ఏ ఈలా మోగలేదు. నువ్వేమీ మర్చిపోలేదు, కేళమ్మా.