పెట్టె అంతా విన్న పాస్‌ఫ్రేజ్

నిన్న మా ఇంట్లో ఒక ఉప్మా ప్లేటు ముందర నా పరువు ఎట్లా పోయిందో చెప్తాను, నవ్వకుండా వినండి.

నేను రోజూ తిరుత్తణిలో రైలెక్కి ఆవడి ఆఫీసుకు పోతాను కదా. మా సర్వర్‌లోకి పోవాలంటే నా ల్యాప్‌టాప్‌లో తాళంచెవి మాదిరి ఒక కీ ఫైలు ఉంది, ఆ కీకి ఒక పాస్‌ఫ్రేజ్. దాన్ని మార్చమని మెయిల్ వచ్చింది. ఎవరూ ఊహించలేని పొడుగు వాక్యం పెట్టాలంట. మరిచిపోతే రీసెట్ ఉండదంట. సరే అని మొన్న రైల్లోనే కూర్చొని కమాండ్ కొట్టినాను. కొత్తది అడిగింది. టైప్ చేస్తా ఉంటే కమాండ్ కొట్టే ఆ నల్ల తెరమీద ఒక్క చుక్క కూడా కనపడదు. యాడిదాకా వచ్చినానో తెలియక, ఒక్కో మాటా పైకి చెప్పుకుంటా కొట్టినాను. ఇంకోసారి కొట్టమనింది. ఇంకోసారి చెప్పుకున్నాను. పక్కన మునెమ్మక్క పూలు కట్టుకుంటా ఉంది. ఆవడిలో ఒక క్యాంటీన్‌లో వంట చేస్తుంది, రోజూ నా పక్క సీటే.

నిన్న ఇంటినుంచి పని. పదింటికల్లా ఒక ఫ్యాక్టరీ షిఫ్ట్ లిస్టు సర్వర్‌లో ఎక్కించాలి, లేకుంటే సాయంత్రం డ్యూటీకి ఎవరు రావాలో ఎవరికీ తెలీదు. కూర్చుంటే పాస్‌ఫ్రేజ్ సగమే గుర్తొచ్చింది, తోక రాలేదు. కుక్కా, కాకా? ముట్టదా, తినదా? అన్నీ కొట్టి చూసినాను. కొత్త కీ ఇచ్చే ఆయన సోమవారందాకా లీవు.

అప్పుడే మా ఆయన టిఫిన్ ప్లేటు తెచ్చి పక్కన పెట్టినాడు.

"ఏమైందే, అట్లుండావు?"

"పాస్‌ఫ్రేజ్ మరిచిపోయినా."

"యాడన్నా రాసిపెట్టలేదా?"

"రాయకూడదు. రహస్యం."

"ఎవరికీ చెప్పలేదా?"

అప్పుడు తట్టింది. మునెమ్మక్కకు ఫోన్ చేసినాను. క్యాంటీన్ గిన్నెల మోతలో సరిగ్గా వినపడక స్పీకర్ పెట్టినాను.

"అక్కా, మొన్న రైల్లో టైప్ చేస్తా ఏమో చెప్పుకున్నాను, గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు తల్లీ, రెండుసార్లు చెప్తివి కదా. 'మా ఆయన చేసిన ఉప్మా కాకి కూడా ముట్టదు' అని. రైలు పెట్టె అంతా వినింది. రవ్వ బాగా వేయించమని చెప్పు ఆయనకు."

కొట్టినాను, కీ తెరుచుకుంది. పదికి మూడు నిమిషాలుండగా లిస్టు ఎక్కింది. తిరిగి చూస్తే మా ఆయన లేడు, ప్లేటూ లేదు.

"కాకి ముట్టనిది నీకెందుకులే" అని వంటింట్లోనుంచి వినపడింది.

సాయంత్రం పాస్‌ఫ్రేజ్ మళ్ళీ మార్చినాను, ఈసారి తలుపూ నోరూ రెండూ మూసుకొని. పాపం ఆ నల్ల తెర ఒక్క అక్షరం బయటపెట్టలేదు, ఊరంతా చాటింది నేనే.

ఈ పొద్దు రైలెక్కితే మునెమ్మక్క జరిగి చోటిచ్చింది. "కొత్తది ఏం పెట్టినావో చెప్పు, మళ్ళీ మరిచిపోతావు" అనింది.

అటూ ఇటూ చూసి, ఆమె చెవిలో చెప్పేసినాను.