సుద్దక్క గెలిచిన వాదం

రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో ఎదుట మేడమ్ అన్నా, చాటున ఆమెను అందరూ సుద్దక్క అంటారు. కుట్టిన ప్రతి చొక్కా ఆమె బల్ల మీదికి రావాల్సిందే. కుట్టు వంకరపోయినా, గుండీ వదులైనా అక్కడ సుద్దతో గీత పెట్టి వెనక్కి తోసేస్తుంది. ఇరవై రెండేళ్లలో ఆ చెయ్యి ఒక్కసారీ పొరబడలేదు. అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఆ సుద్దముక్కను ఇంటికి కూడా మోసుకెళ్లడమే.

పాలు పొంగిపోయినా, మాట తూలినా, ఇంట్లో ప్రతి గొడవా ఒక్క మాట దగ్గరే తేలేది: "నేనైతే అలా చెయ్యను." దాంతో చెల్లెలి నోరు మూతపడేది. చెల్లెలు అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. సొంతమనిషని చూసీ చూడనట్టు వదిలేసిందని ఎవరైనా అంటారేమోనని, సుద్దక్క ఆ కాలర్ల మీద గీత ఇంకాస్త గట్టిగా పెట్టేది.

అమ్మ మంచాన పడ్డ నెలలోనే, పొరుగూళ్లో పనిచేసే తమ్ముడు లారీ కింద పడి చనిపోయాడు. అమ్మకు చెప్పొద్దని చెల్లెలు కాళ్లావేళ్లా పడింది. అబ్బాయేడని అమ్మ అడిగినప్పుడల్లా, "రేపొస్తాడమ్మా" అనేది. ఆ మాట పట్టుకుని అమ్మ రెండు ముద్దలు తినేది.

సుద్దక్క మూడు వారాలు పళ్లబిగువున ఊరుకుంది. నాలుగో వారం వంటగదిలో చెల్లెల్ని నిలదీసింది. "కన్నతల్లికి అబద్ధం చెప్పి అన్నం పెడతావా? నేనైతే ఆ పని చెయ్యను."

చెల్లెలు మాట్లాడలేదు. ఒప్పుకుందనుకుంది సుద్దక్క. నేరుగా మంచం దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అమ్మ ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ మెతుకు ముట్టలేదు. తొమ్మిదో రోజున పోయింది.

చెల్లెలు వేరే గది తీసుకుంది. ఫ్యాక్టరీలో అందరిలాగే ఆమెను మేడమ్ అని పిలవడం మొదలెట్టింది. అక్కా అని పిలిపించుకోవడానికి సుద్దక్క ఇప్పుడు ఏమైనా చేస్తుంది. గొప్పకు పోయి అమ్మను చేజేతులా చంపుకున్నానని రోజూ కుమిలిపోతోంది.

ఒక మధ్యాహ్నం, చేతిలో ఉన్న చొక్కాతోనే చెల్లెలి మిషను దగ్గరికి వెళ్లింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అంది.

"తప్పు చేశానే."

చెల్లెలు తలెత్తలేదు. ఆ చొక్కా కాలరు వైపు చూసింది.

"తప్పుంటే గీత పెట్టి పంపండి మేడమ్. సరిచేసి ఇస్తాను."

కాలరులో ఏ తప్పూ లేదు. కుట్టు తిన్నగా, చక్కగా ఉంది. సుద్దక్క దాన్ని గుండెకు అదుముకుని, అంతమంది ముందూ నిలబడి ఏడ్చింది.