ఇంజన్‌లో టీ

నిన్న సైదులు పెదకర్మలో నేను టీ గ్లాసు అందుకోగానే, ఆ రంగుకు మా పాత జీపు గుర్తొచ్చింది. సైదులు దాని డ్రైవరు.

నాకు ఆరేళ్లప్పుడు, ఎన్నికల ముందు ఒకరోజు, నాన్నే జీపు తోలాడు. సైదులు నన్ను ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. "నీళ్లు కాగుతున్నయ్, ఆపండయ్యా" అని రెండుసార్లు చెప్పాడు. వెనక సీట్లో నలుగురు అనుచరులున్నారు, వాళ్ల ముందు డ్రైవరు మాట వింటే నామోషీ కదా, నాన్న ఆపలేదు. మాచర్లలో తెల్లటి పొగ కక్కి జీపే ఆగింది.

మెకానిక్ ఆయిల్ మూత తీసి, టీ రంగుకు తిరిగిన ఆయిల్ చూపించి, "ఏందయ్యా, ఇంజన్‌లో టీ పోశారా?" అన్నాడు.

పొద్దున సైదులు బానెట్ మీద టీ గ్లాసు పెట్టడం చూశాను. "సైదులు మామే పోశాడు" అన్నాను.

"ఓసి పిచ్చిపిల్లా!" అన్నాడు మెకానిక్. "హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలిసినయ్. కాగే బండిని తోలిందెవరు?"

"ఇంకెవరు, వీడే" అని నాన్న సైదులును చూపించాడు. నలుగురూ తలలూపారు. "రేపట్నుంచి పన్లోకి రామాకు" అన్నాడు నాన్న.

ఇంజన్ హెడ్డు సాపు చేయించి కొత్త గ్యాస్కెట్ వేయిస్తే జీపు వారానికి ఇంటికొచ్చింది. సైదులు రాలేదు. టీ పోసినందుకే పంపేశారని చాలా ఏళ్లు నమ్మాను.

"నిన్నేమీ అనుకోలేదమ్మా. పసిపిల్ల, తోచింది చెప్పిందనేవోడు" అంది నిన్న అతని భార్య.

నాన్నను ఏమనేవాడో నేను అడగలేదు. అడిగి తెలుసుకోవాల్సినంత విషయం నాన్నలో ఎప్పుడూ లేదు.