జడ్జి గారి పురిటి ఉపన్యాసం

మంత్రసాని సలోమె ఐకర్ట్ నోటికి జడిసి పెన్సిల్వేనియాలోని ఆ ఊళ్ళో పాస్టరు గారు కూడా వీధి మారి వెళ్ళేవారు. నోరెంత చేదో చెయ్యంత చలవ. కాళ్ళతో ఎదురొచ్చే బిడ్డని పొట్టమీద నిమిరి నిమిరి తల కిందికి తిప్పడం ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కదానికే వచ్చు. డాక్టరు వచ్చి సంచీలోంచి పనిముట్లు తీస్తే, "బాబూ, అవి గుర్రానికి నాడాలు కొట్టడానికి పనికొస్తాయి, లోపల పెట్టుకో" అనేది.

అంత గయ్యాళీ ఒక్క విషయంలో మాత్రం పిల్లిలా అయిపోయేది. పురుడు పొయ్యడానికి వెళ్ళే మనిషి శవాల ఊరేగింపుని అడ్డంగా దాటకూడదు. దాటితే చావు వెంటపడి పురిటింటి దాకా వస్తుంది. వాళ్ళమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. ఆ ఊళ్ళో స్థిరపడ్డ జర్మను వాళ్ళ ఇళ్ళన్నిటా ఇదే మాట.

పద్దెనిమిదివందల అరవై మూడు జూలైలో ఉత్తరాది దక్షిణాది రాష్ట్రాల యుద్ధం ఆ ఊరి పొలాలు తొక్కుకుంటూ పోయింది. చచ్చినవాళ్ళ కోసం కట్టిన కొత్త శ్మశానాన్ని నవంబరులో ప్రారంభించారు. సరిగ్గా ఆ ఉదయమే లావు హెట్టీ రొప్పుకుంటూ వచ్చింది.

"సలోమె అత్తా! మా పక్కింటి బార్బరాకి నొప్పులొచ్చేశాయి. చేతికి కాళ్ళు తగులుతున్నాయే!"

బార్బరా మొగుడు లీవై ఆ జూలై యుద్ధంలోనే పోయాడు. ఇరవై ఏళ్ళ పిల్ల, కడుపుతో ఒంటరిగా మిగిలింది. సలోమె సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

పెద్ద బజారు దాటితే బార్బరా ఇల్లు. బజారు నిండా ఊరేగింపు. బ్యాండు వెనక భుజాల మీద శవపేటికలు, వాటి మీద జెండాలు. "పది నిమిషాల్లో పోతాయి, ఆగు" అంది సలోమె. కానీ ఎన్నికలకి నిలబడ్డ జడ్జి లాటిమర్‌కి జనం కనబడితే నోరు ఊరుకోదు. అక్కడికక్కడే ఊరేగింపు ఆపించి బండెక్కాడు.

"సోదరులారా! ఈ దేశం ఇవాళ నిండు గర్భిణి! ఈ వీరుల రక్తమే పురిటిస్నానం! నొప్పులకి భయపడకండి, ఈ మట్టిలోంచి కొత్త జాతి కేరుమంటూ పుడుతుంది!"

"ఈయనెప్పుడు కన్నాడో!" అంది సలోమె. చుట్టూ ఉన్నవాళ్ళు ఉష్ అన్నారు.

హెట్టీ ఆమె చెయ్యి గుంజింది. "అత్తా, ఆ రెండు పెట్టెల మధ్యనించి దూరిపోదాం రా."

"నోర్ముయ్! దాని ప్రాణం తీద్దామనా?"

"ఇక్కడ నిలబడితే దక్కుతుందా?" అంటూ హెట్టీ తలొంచుకుని పెట్టెల మధ్యనించి దూరి అవతలికి పరిగెత్తింది.

జడ్జి పురుడు వదిలి విత్తనాల మీద పడ్డాడు. పడిన ప్రతి వీరుడూ ఒక గింజట, వసంతానికి దేశమంతా పచ్చబడుతుందట. సలోమెకి ఒళ్ళు మండిపోయింది. నాగలికి చచ్చిన సిపాయిల బూట్లు తగులుతుంటే ఆ పొలాల్లో ఒక్క రైతూ గోధుమ చల్లలేదు ఆ యేడు! ఆ సంగతి ఈ పెద్దమనిషికేం తెలుసు? అయినా ఆమె కాళ్ళు కదల్లేదు. చర్చిలో మరో గంట కొట్టారు. ఆయన నోరు ఆగలేదు.

ముందు వరసలో వడ్రంగి దానియేలు ముక్కు చీదుకోవడానికని తన పెట్టెని ఒంటిచేత్తో దించి నిలబెట్టాడు.

"అదేంట్రా, ఒక్కడివే దించావు?"

"ఖాళీవే కదక్కా. శవాల్ని పోయినవారమే పూడ్చేశారు. జనం కళ్ళకి ఏదో ఒకటి ఉండాలని జడ్జి గారు చేయించారు."

అప్పుడు సలోమె నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయలేం. పెట్టెలు తోసుకుంటూ దూసుకుపోయింది. బండి మీంచి జడ్జి, "అమ్మా, మర్యాద!" అన్నాడు.

"నీ మర్యాద తగలెయ్య!"

ఇంట్లో బిడ్డ ఏడుస్తోంది. హెట్టీ తనకి తోచినట్టు కాళ్ళు పట్టి లాగేసింది. బార్బరా సున్నంలా తెల్లబడి ఉంది, పరుపు తడిసి నెత్తురు నేలమీద కారుతోంది. సలోమె మోచేతుల దాకా నెత్తురు చేసుకుని పొట్ట అదిమింది, గుడ్డలు కుక్కింది, దేవుణ్ణి తిట్టింది, బతిమాలింది. ఆ పిల్ల ఒకసారి కళ్ళు తెరిచి, "వచ్చావా అత్తా" అని మళ్ళీ మూసేసింది. అంతే.

మధ్యాహ్నానికి గుమ్మం ముందు జడ్జి బండి ఆగింది. ఎవరో చెప్పినట్టున్నారు. ముఖం వెలిగిపోతోంది.

"వీరుడి బిడ్డ, ఈ రోజే! నా మాట దేవుడు విన్నాడమ్మా. ఇలా తెండి, జనానికి చూపిద్దాం."

సలోమె ఆయన కోటు చెయ్యి పట్టుకుని మంచం దాకా ఈడ్చుకెళ్ళింది. "మీరు చెప్పిన పురిటిస్నానం. చూడండి, బాగా చూడండి."

ఆయన టోపీ తీశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఈ తల్లి త్యాగం..."

"త్యాగం కాదయ్యా. ఆలస్యం."

జడ్జి టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. బండి వెళ్ళిపోయింది. హెట్టీ బిడ్డని చుడుతూ, "బాగా గడ్డి పెట్టావత్తా" అంది.

సలోమె నేలమీద కూలబడింది. "ఆయన్ననడానికేముందే. నన్నెవరాపారు? నీకు పని రాదు, నువ్వు దాటావు. పని వచ్చినదాన్ని నేను నిలబడ్డాను."